వాచీలో దాచుకున్న గాలి

నూట పన్నెండు కేసులు పగిలిపోయాయి. నూట పదమూడోది పగల్లేదు. 1998 మార్చిలో ఒక సోమవారం పొద్దున, లె సాంతియే ఊళ్లో ఫ్యాక్టరీ వెనక షెడ్డులో, అర్మాన్ లుగ్రాన్ కొలిమి తలుపు తీసి చూస్తే, ఇటుక పళ్లెం మీద చెక్కు చెదరకుండా కూర్చుని ఉంది నల్ల పింగాణీ వాచీ కేసు. వెంటనే ముట్టుకోలేదు. టోపీ తీసి చంకలో పెట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు.

వాచీ కేసంటే యంత్రానికి ఒళ్లు. జూ అని పిలిచే మా వాచీల లోయలో తాతలనాటి నుంచీ దాన్ని బంగారంతో చేశారు, వెండితో చేశారు, ఉక్కుతో చేశారు. నీళ్లలో రెండు వందల మీటర్ల లోతుకి దిగే వాచీకి నిలువెల్లా నల్లటి పింగాణీ ఒళ్లు తొడిగినవాడు మాత్రం మా లోయలో అర్మానే. బడిలో ఎనిమిదేళ్లు చదివి పనిలో చేరిన మనిషి. ఏడాదిన్నర పాటు ఇంజనీర్లు పిండి మార్చారు, అచ్చు మార్చారు, మంట మార్చారు. పింగాణీ పిండిని అచ్చులో నొక్కి కాలిస్తే ఐదో వంతు కుంచించుకుపోతుంది. ఆ కుంచించుకోవడంలోనే ఎక్కడో ఒకచోట వెంట్రుకవాసి చీలిక తెచ్చుకునేది. అర్మాన్ మార్చింది ఒక్కటే. తలుపు తీయడం మానేశాడు. అంతకుముందు ప్రతివాడూ ఆత్రం కొద్దీ తలుపు ఓరగా తీసి తొంగిచూసేవాడు. అర్మాన్ శుక్రవారం సాయంత్రం కొలిమి ఆర్పి, తాళంచెవి జేబులో వేసుకుని ఇంటికెళ్లిపోయాడు. శనివారం ఫోర్‌మన్ ఇంటికొచ్చి నానా మాటలూ అన్నాడు. ఆదివారం మళ్లీ వచ్చి బతిమాలాడు. చల్లారనివ్వండి అన్నమాట తప్ప అర్మాన్ నోటి నుంచి ఇంకో మాట రాలేదు.

ఆ తర్వాత పదిహేనేళ్లలో అతని చేతుల మీదుగా వెళ్లిన కేసులు నలభై వేలకి పైమాటే. పదకొండు మందికి పని నేర్పాడు. వాళ్లలో ఇద్దరు ఇప్పుడు ఫోర్‌మన్లు. జెనీవా నుంచి వచ్చిన పెద్దమనుషులు అతనితో చెయ్యి కలిపి ఫొటో దిగారు. అరవయ్యో ఏట లోయలోని చెరువుని ఈ ఒడ్డు నుంచి అవతలి ఒడ్డుకి ఈదుకుంటూ దాటాడు. అతను పని మానిన రోజున ఊరి హాల్లో సన్మానం చేసి గోడగడియారం ఇచ్చారు. అది నెల తిరక్కుండా ఆగిపోయింది. వాచీల లోయలో సన్మానానికి ఇచ్చిన గడియారం ఆగిపోయిందని అతను ఎవరికీ చెప్పలేదు. అది మర్యాద.

నూట పదమూడో కేసు అమ్మకానికి పనికిరాలేదు. లోపలి గోడ మీద సూదిమొనంత గుంట ఒకటుంది. ఫోర్‌మన్ దాన్ని అర్మాన్ సొరుగులోకి విసిరేసి, తీసుకో, నీ తలుపు తీయని మొండితనానికి ఇదే బహుమానం అన్నాడు. ఆ ఏడే అర్మాన్ యాభయ్యో పుట్టినరోజుకి అతని భార్య ఎడ్మే దానిలో యంత్రం బిగించి, అద్దం చుట్టూ నల్ల వలయం తొడిగి, నల్ల రబ్బరు పట్టీ వేసి చేతికి కట్టింది. ముళ్లూ అంకెలూ మాత్రమే తెల్లన. మిగతాదంతా చీకటి.

ఎడ్మే అదే లోయలో వాచీలకి నడక దిద్దే మనిషి. వెంట్రుకలాంటి స్ప్రింగుని చిమటాతో పట్టి, ఇంత వంచి, అంత తగ్గించి, రోజుకి రెండు మూడు సెకన్లకి మించి తప్పకుండా చేసేది. ముప్పై ఏళ్లు ఆ పనే. వాళ్లకి పిల్లలు లేరు. అతను ఒళ్లు చేస్తే ఆమె నడక నేర్పింది. ఆ వాచీని అర్మాన్ స్నానానికి తీయలేదు, నిద్రకి తీయలేదు, కట్టెలు కొట్టేటప్పుడు తీయలేదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా రోజూ చెరువులో ఈదేటప్పుడు దానితోనే ఈదాడు. ఐదేళ్లకోసారి ఎడ్మే మాత్రం ఒక్కరోజు తీసుకునేది. వంటింటి కిటికీ దగ్గర బల్ల మీద తెరిచి, శుభ్రం చేసి, నూనె వేసి, రబ్బరు రింగు మార్చి మూసేది.

మా దగ్గర వాచీ బాగుచేసినవాళ్లు వెనక మూత లోపలి వైపున సూదితో తమ గుర్తూ తేదీ గీస్తారు. పెట్టుకున్నవాడికి అది కనబడదు. మళ్లీ ఎప్పుడో తెరిచినవాడికే కనబడుతుంది. పింగాణీ మీద సూది గీత పడదు కాబట్టి ఆ మూత మాత్రం లోహంతో చేసింది. దాని మీద ఎడ్మే నాలుగుసార్లు గీసింది: 2003, 2008, 2013, 2018. గీశానని ఆమె చెబితే అర్మాన్ విన్నాడంతే. తన చేతి వాచీ లోపల ఏముందో ఎన్నడూ చూడలేదు.

2020 ఫిబ్రవరిలో ఎడ్మే పోయింది. వణుకు జబ్బు, దాని మీద న్యుమోనియా. నలభై ఏడేళ్ల కాపురం.

అప్పటి నుంచే అర్మాన్‌కి ఆ ఆలోచన పట్టుకుంది. నీళ్లలో దిగే వాచీ అంటే గాలి చొరని వాచీ. నీళ్లే చొరనప్పుడు గాలెక్కడ చొరుతుంది? 2018 ఏప్రిల్‌లో ఎడ్మే వంటింట్లో మూత బిగించినప్పుడు లోపల ఏ గాలి ఉందో, ఇప్పటికీ అదే గాలి ఉంది. ఆమె ఊపిరి తగిలిన గాలి. పొయ్యి మీద ఉల్లికాడలూ బంగాళాదుంపలూ ఉడుకుతుండగా, దాని మీద సాసేజీ ఆవిరి పట్టిన ఆ వంటింటి గాలి. చెంచాడు కూడా ఉండదు. కానీ ఉంది. అతని మణికట్టు మీద, తను చేసిన నల్ల గోడల మధ్య, ఎవరూ తెరవకపోతే ఎప్పటికీ ఉంటుంది. తలుపు తీయకుండా ఉండటం ఈ లోకంలో అతనికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు.

కాఫీ హోటల్లో పాత పనివాళ్లు మంగళవారాలు కూడేవారు. అక్కడో అలవాటుంది. ముగ్గురు నలుగురు వాచీలు విప్పి బల్ల మీద పెట్టి, వాటి మీది గీతల్ని చదువుతారు. ఉక్కు కేసులకి మెరుగుపెట్టే పనిలో జీవితమంతా గడిపిన కోన్‌స్తాన్ మేలాన్ ఆ విద్యలో దిట్ట. ఈ గీత ఆవు కొమ్ము తగిలినప్పటిది, ఈ సొట్ట మా పెద్దాడి పెళ్లిరోజున మెట్ల మీద పడ్డప్పటిది అని తన వాచీని చూపి కథలు చెబుతాడు. అర్మాన్ వాచీ మీద ఇరవై ఆరేళ్లకి ఒక్క గీతా లేదు. పింగాణీని గీయాలంటే వజ్రం కావాలి. కట్టుకున్న రోజు ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది. పింగాణీ కాలుస్తాడని అతన్ని మొదట కుమ్మరి అని పిలిచింది కోన్‌స్తానే.

"నీదాని మీద ఏం చదవమంటావు, కుమ్మరీ?" అనేవాడు వాచీని దీపం కింద అటూ ఇటూ తిప్పుతూ. "పుట్టుమచ్చ కూడా లేదు దీనికి. నువ్వు బతికావని రుజువేదయ్యా?"

అందరూ నవ్వేవారు. అర్మాన్ కూడా నవ్వి వాచీ తీసుకుని కట్టుకునేవాడు. ఎడ్మే ఉన్నన్నాళ్లూ ఆ మాట నవ్వులాటే. ఆమె పోయాక ఇంటికి నడిచే దారిలో ఆ మాట అతని వెంట వచ్చేది.

2023 దాటింది. వాచీని తెరవవలసిన ఏడు అది. అర్మాన్ తెరిపించలేదు. లోపల నూనె ఎండిపోతే వాచీ వెనకబడుతుంది; ఆ సంగతి మా లోయలో పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు. మొదట రోజుకి ఒక నిమిషం వెనకబడింది. తర్వాత నాలుగు. ఈ వేసవికి పదకొండు. రోజూ పొద్దున రేడియోలో వార్తలకి ముందు గంట కొట్టగానే, అర్మాన్ కీ లాగి ముళ్లు సరిచేసేవాడు. సాయంత్రానికి అది మళ్లీ వెనకబడేది. జులైలో అతని ఊరు లె పోన్ స్టేషన్‌లో రైలు తప్పిపోయింది. ఆ కబురు అతనికంటే ముందే కాఫీ హోటల్‌కి చేరింది. వాచీలు చేసిన మనిషి, సొంత వాచీ చూసుకుని రైలు పోగొట్టుకోవడం. ఆ మంగళవారం కోన్‌స్తాన్ ఏమీ తెలియనట్టు మొహం పెట్టి, టైమెంతయిందోయ్ కుమ్మరీ అని మూడుసార్లు అడిగాడు. మూడోసారికి అర్మాన్ లేచి వచ్చేశాడు. ఆపైన మంగళవారాలు వెళ్లడం తగ్గించాడు.

వాచీని సొలాంజ్ బెర్నే దగ్గరికి తీసుకెళ్లొచ్చు. లె సాంతియేలో ఇంటి ముందుగదిలోనే దుకాణం. ఇరవయ్యేళ్ల వయసులో ఎడ్మే పక్కన స్టూలు వేసుకుని పని నేర్చుకున్న పిల్ల. ఇప్పుడు యాభై ఎనిమిదేళ్లు. కానీ ఎడ్మేని పూడ్చిపెట్టి వచ్చి అందరూ భోజనాలకి కూర్చున్న రోజున, సొలాంజ్ అర్మాన్ పక్కకొచ్చి అతని మణికట్టు మీద వేలు పెట్టి, దీన్ని ఇకనుంచీ నాకివ్వండి, నేను చూసుకుంటాను అంది. అర్మాన్‌కి ఒళ్లు మండింది. ఇంకా మట్టి ఆరలేదు, అప్పుడే ఎడ్మే కుర్చీలో కూర్చుంటానంటోంది అనుకున్నాడు. నాలుగున్నరేళ్లుగా ఆమెతో మాటల్లేవు. వీధిలో ఎదురైతే టోపీ అంచు ముట్టుకుని సాగిపోయేవాడు.

సెప్టెంబరు మూడో ఆదివారం ఉపవాసపు పండుగ. ఉపవాసం మాట అటుంచి, మర్నాడు సోమవారం ఇంటింటా రేగుపండ్లంతటి నల్ల ప్లమ్‌పండ్లు పేర్చిన తీపిరొట్టె కాల్చుకుని తింటారు. ఎడ్మే కాల్చే రొట్టెలో పండ్లు బారులు తీరి నిలబడేవి. ఈ ఏడు అర్మాన్ బేకరీలో ఒక ముక్క కొనుక్కున్నాడు. ఒక్క ముక్క కొనుక్కునేవాళ్లకి వాళ్లు పెట్టె ఇవ్వరు, కాగితంలో చుట్టిస్తారు.

ఆ సోమవారం పొద్దునే ఆ ఏటికి అతని ఆఖరి ఈత. నీళ్లు అప్పటికే ఎముకలు కొరికేలా ఉంటాయి. డెబ్భై ఆరేళ్ల మనిషి నల్ల వాచీ ఒక్కటే ఒంటి మీద నగలాగా పెట్టుకుని చెరువులోకి దిగి, లెక్కపెట్టి నూరు బారలు వేసి, ఒడ్డుకొచ్చి తువ్వాలు కప్పుకున్నాడు. చూసేవాళ్లెవరూ లేరు. అవతలి ఒడ్డున అడవి మీద పొగమంచు కూర్చుని ఉంది.

ఆఖరి ఈత రోజున ఇంటికొచ్చి ఒక పరీక్ష చేయడం ఎడ్మే పెట్టిన అలవాటు. వాచీని పొయ్యి పక్కన గోరువెచ్చటి రాతి మీద పడుకోబెట్టాలి. అది వెచ్చబడ్డాక అద్దం మీద ఒక్క చుక్క చన్నీళ్లు వేసి, నిమిషం ఆగి తుడిచేయాలి. అద్దం లోపల తేటగా ఉంటే తడి చొరలేదన్నమాట. లోపలి వైపున మసక పడితే చొరిందన్నమాట. అది చూడటానికి మూత తీయక్కర్లేదు. అందుకే అర్మాన్‌కి ఆ పరీక్ష ఇష్టం. నాలుగేళ్లూ అద్దం తేటగానే ఉంది. నాలుగేళ్లూ తుడిచిన గుడ్డ మడతపెట్టి, ఎడ్మే కుర్చీ వైపు చూసి, బాగానే ఉందే అని పైకే అన్నాడు.

ఈసారి చుక్క తుడిచాక, పన్నెండో అంకె కింద, కందిపప్పంత మేఘం ఒకటి కనబడింది.

గుడ్డతో మళ్లీ తుడిచాడు. మేఘం లోపలుంది. చూస్తుండగానే కరిగిపోయింది. పొరపాటేమో అని మళ్లీ వెచ్చబెట్టి, మళ్లీ చుక్క వేశాడు. మళ్లీ వచ్చింది. మూడోసారి వేసేముందు చాలాసేపు కూర్చున్నాడు. వేశాడు. వచ్చింది.

ప్లమ్‌రొట్టె ముక్క కాగితంలోనే ఉండిపోయింది.

తడి లోపలికి చొరితే ఏమవుతుందో వాచీల లోయలో ఒకరు చెప్పక్కర్లేదు. ముందు సన్నటి స్ప్రింగు తుప్పు పడుతుంది. ఆ స్ప్రింగుని వంచి దిద్దినవి ఎడ్మే చేతులు. వాచీ తెరవకుండా ఉంచితే కొన్ని వారాల్లో ఆమె దిద్దిన నడక తుప్పయిపోతుంది. తెరిస్తే ఆమె మూసిన గాలి పోతుంది. రెండూ ఆమెవే. ఒకటే దక్కుతుంది. ఆ సాయంత్రం అర్మాన్ వాచీని బల్ల మీద పెట్టుకుని, చెవి దగ్గరికి తెచ్చుకుని, మళ్లీ పెట్టి, పొద్దుగుంకే దాకా ఇటో అటో తేల్చుకోలేకపోయాడు. చివరికి తేల్చింది చప్పుడు. చెవి దగ్గర పెట్టుకుంటే టిక్కుటిక్కుమని వినబడేది ఆమె పని. గాలి వినబడదు.

మంగళవారం మొదటి రైలెక్కాడు. పదకొండు నిమిషాలు ముందే స్టేషన్‌కి చేరాడు.

సొలాంజ్ తలుపు తీసి, అతన్ని చూసి, రండి లుగ్రాన్ గారూ అంది. ఇన్నాళ్లూ రాలేదేమని అడగలేదు. గదిలో ముసలి కుక్క ఒకటి కుర్చీ కింద పడుకుని ఉంది. నూనె వాసన, కుక్క వాసన, సొలాంజ్ కాల్చే సన్న చుట్టల వాసన. అర్మాన్ వాచీ విప్పి బల్ల మీద పెట్టాడు. తడి చొరిందని చెప్పాడు. ఎంత మేఘమో వేలితో చూపించాడు.

"రోజుకెంత వెనకబడుతోంది?"

"రెండు మూడు నిమిషాలు."

సొలాంజ్ వాచీని యంత్రం మీద పెట్టి విని, "పన్నెండు" అంది. "రైలు ఊరికే తప్పిపోలేదన్నమాట."

ఆమె వాచీని బోర్లా తిప్పి బిగించి, మూత విప్పే తాళంచెవి తీసుకుంది. అప్పుడు అర్మాన్ ఆగమన్నాడు. ఆగింది. అతను కుర్చీ ముందుకు జరుపుకుని, కళ్లజోడు తీసేసి, బల్ల మీదకి వంగాడు. మొహం వాచీకి జానెడు దూరంలో పెట్టి, ఇప్పుడు తియ్యి అన్నాడు. మూత తిరిగింది, తిరిగింది, పైకి లేచింది. అర్మాన్ ఊపిరి లోపలికి లాగాడు.

నూనె. ముసలి రబ్బరు. అంతే.

సొలాంజ్ మూత చేత్తో పట్టుకుని అతన్నే చూస్తోంది. "ఏం వాసన వస్తుందనుకున్నారు?"

అర్మాన్ చెప్పాడు. ఎవరికీ చెప్పనిది, నాలుగున్నరేళ్లు మాట్లాడని మనిషికి చెప్పాడు. వంటింటి గాలి, ఉల్లికాడల కూర, ఎడ్మే ఊపిరి. చెబుతున్నంతసేపూ ఖాళీ మణికట్టుని రెండో చేత్తో పట్టుకునే ఉన్నాడు. నా పింగాణీలోంచి గాలి పోదు, సొలాంజ్, అది నాకు తెలుసు అన్నాడు.

"పింగాణీలోంచి పోదు" అంది సొలాంజ్ మెల్లగా. "కానీ మూత చుట్టూ ఉన్నది నాలుగు ఫ్రాంకుల రబ్బరు. రబ్బరు కొద్దికొద్దిగా గాలి పీలుస్తుంది, వదులుతుంది. నీళ్లని ఆపుతుంది కానీ గాలిని ఏళ్ల తరబడి ఆపదు. ఎప్పుడో పోయింది లుగ్రాన్ గారూ అది."

నలభై వేల కేసులు చేసిన మనిషికి రబ్బరు సంగతి తెలియలేదు. అతను చేసింది గోడ. గోడ పక్కనున్న కిటికీని గురించి ఆలోచించలేదు.

సొలాంజ్ వెంటనే పనిలో పడలేదు. మూతని గుడ్డ మీద పెట్టి, చుట్ట తీసి, వెలిగించకుండా మళ్లీ పెట్టేసింది. కుక్క లేచి చోటు మారి పడుకుంది.

"ఇంకొకటి చెప్పాలి. చెప్పొద్దని ఎడ్మేతో ఒట్టు వేశాను. కానీ మీరిలా వంగి వాసన చూశాక చెప్పకుండా ఉండలేను." కంటికి పెట్టుకునే భూతద్దాన్ని అతని ముందుకి తోసింది. "మీరే చూడండి."

అర్మాన్ భూతద్దం కంటికి పెట్టుకుని మూత లోపలి వైపు చూశాడు. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి. 2003, పక్కన ఎడ్మే పేరులోని మొదటి అక్షరం, ముత్యంలా ఉంది. 2008 కూడా అంతే. 2013, అంతే. 2018 దగ్గర అంకెలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. అక్షరం వంకర పోయింది. ఒక గీత జారి మూత అంచుదాకా వెళ్లిపోయింది. దాని పక్కనే, చిన్నగా, చక్కగా, ఇంకో గుర్తుంది. సొలాంజ్ గుర్తు.

"ఆ రోజు దీన్ని మూసింది నేనే" అంది సొలాంజ్. "ఇదే బల్ల మీద."

ఎడ్మే ఆ ఏప్రిల్ ఆదివారం అర్మాన్ చేపలు పట్టడానికి వెళ్లగానే వాచీ తెరిచిందట. శుభ్రం చేసిందట. తీరా స్ప్రింగు ఎక్కించబోతే చేతులు నిలవలేదు. నాలుగుసార్లు ప్రయత్నించి, ముక్కలన్నీ జామ్ సీసాలో వేసుకుని, రైలెక్కి ఇక్కడికొచ్చింది. ఎడ్మే నోట బూతు మాట మీరెప్పుడైనా విన్నారా అని అడిగింది సొలాంజ్. అర్మాన్ వినలేదు. ఆ రోజు బండితోలేవాడు కూడా సిగ్గుపడేలా తిట్టిందని చెప్పింది. సొలాంజ్ యంత్రం బిగించి మూత పెడుతుంటే, ఆగు, గుర్తు నేనే గీస్తాను అని సూది లాక్కుంది. మూత కదలకుండా సొలాంజ్ పట్టుకుంటే ఎడ్మే గీసింది. అదీ ఆ వంకర.

"కుమ్మరికి చెప్పకు అంది. చెబితే చేపలకి వెళ్లడం మానేస్తాడు, ఈత మానేస్తాడు, నా కాఫీకప్పు తను పట్టుకుని తాగిస్తానంటాడు అంది. మూసేశాం. మీరొచ్చే సాయంత్రం రైలుకి ముందే ఇంటికి చేరింది."

అర్మాన్ భూతద్దం తీయలేదు. జబ్బు సంగతి అతనికి తెలిసింది 2019 చివర్లో, డాక్టరు చెప్పాక. దానికి ఏడాదిన్నర ముందు నుంచే ఎడ్మే కాఫీ సగం కప్పే పోసుకునేది. నిద్ర పట్టడం లేదు, తగ్గించానంది. సీసా మూతలు తీయమని అతనికి ఇచ్చేది. తన మొగుడి బలం మీద మోజు పోలేదని నవ్వేది. అల్లిక మానేసింది, కళ్లు అలిసిపోతున్నాయంది. అన్నిటికీ అతను తల ఊపాడు. కేసు లోపల వెంట్రుకవాసి చీలికని కిటికీ వెలుతురులోనే పట్టేసే కళ్లు అవి. పదకొండు మందికి ఆ చూపు నేర్పిన కళ్లు.

"నేనడిగి ఉంటే..." అని ఆగిపోయాడు. ఏమి అడిగి ఉంటే ఆమె ఏమి చెప్పేదో అతనికి తెలియలేదు.

"పూడ్చిన రోజున ఇది నాకివ్వమన్నది అందుకే" అంది సొలాంజ్. "దీని లోపల ఎలా ఉందో నాకే తెలుసు కనక. మీకు కోపం వచ్చింది."

"వచ్చింది."

"తెలుసు. వీధిలో టోపీ ముట్టుకుని వెళ్లిపోయేవారుగా, మంత్రిగారిలా."

అర్మాన్ భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. కంటి చుట్టూ ఎర్రటి గుండ్రటి గుర్తు పడింది. సొలాంజ్ వేరే వైపు తిరిగి, నిన్నటి ప్లమ్‌రొట్టె ఉంది తింటారా అని అడిగింది. వద్దన్నాడు. ఆమె కోసి పళ్లెంలో పెట్టింది. తినలేదు.

తర్వాత పని మాటలు. స్ప్రింగు మీద ఇంకా తుప్పు పడలేదు, దక్కుతుంది. కీ దగ్గరి రింగు చీలిపోయింది, తడి చొరింది అక్కడినుంచే. రోజూ పొద్దున ముళ్లు సరిచేయడానికి దాన్ని లాగి నొక్కి, లాగి నొక్కి అరిగిపోయింది. ఏడాదిపాటు తెరవకుండా కాపాడుకుంటున్నాననుకుని, తన వేళ్లతోనే రోజూ దాన్ని కొంచెం కొంచెం తెరిచాడన్నమాట. సొలాంజ్ ఆ మాట అనలేదు. అర్మానే అన్నాడు.

ఫ్యాక్టరీకి పంపితే పాత కేసు తీసేసి కొత్తది వేసి ఇస్తారని అర్మాన్‌కి భయం. పంపనని సొలాంజ్ మాటిచ్చింది. కీ, రింగులు మాత్రం తెప్పించాలి. ఇంత పాత వాచీకి అవి రావాలంటే రెండు నెలలు. అంతవరకూ వాచీ ఆమె సొరుగులో, ముక్కలుగా, మూత వేరుగా ఉంటుంది.

లేచి కోటు వేసుకున్నాక, తలుపు దగ్గర అర్మాన్ ఆగాడు.

"మూసేటప్పుడు నువ్వు గుర్తు గీస్తావా?"

"మూసినవాళ్లు గీయాలి. ఆనవాయితీ అది."

అతను తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. "ఆ వంకర గీత మీద పడకుండా గియ్యి" అన్నాడు.

స్టేషన్‌లో నిలబడి, రైలుకి ఇంకా ఎంతసేపుందో చూద్దామని చెయ్యి ఎత్తాడు. మణికట్టు మీద తెల్లటి చార ఒకటుంది, వాచీ అంత వెడల్పున, ఇరవై ఆరు వేసవుల ఎండ తగలని చోటు. మిగతా చెయ్యంతా చెరువు గట్టు మీది ఎండకి ముదిరిపోయిన గోధుమరంగు. అక్కడ మాత్రం పసిపిల్లవాడి చర్మంలా మెత్తగా ఉంది. వాచీ మీద లేని గుర్తులన్నీ దాని కిందే ఉన్నాయి. కోన్‌స్తాన్ ఉంటే ఏం చదివేవాడో. అర్మాన్ చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు.

ఇల్లు చేరాక కాగితంలోని రొట్టె ముక్క తీసి నిలబడే తిన్నాడు. పండ్లు గట్టిపడ్డాయి. వంటింటి కిటికీ దగ్గర ఎడ్మే బల్ల ఉంది. దాని మీద గోడకి కొట్టిన మేకుకి ఆమె భూతద్దం వేలాడుతోంది. అర్మాన్ కిటికీ తెరిచాడు. చెరువు మీది చల్లగాలి గదంతా తిరిగి పోయింది. అతను మూయలేదు.

ఆ రోజంతా గంటకి నాలుగైదుసార్లు చెయ్యి ఎత్తి చూసుకున్నాడు. సన్మానపు గోడగడియారం అలమారాలోంచి తీసి బల్ల మీద పెట్టాడు; అది ఏడుంబావు దగ్గరే నిలబడి ఉంది. రేడియోలో వార్తలకి ముందు గంట కొట్టినప్పుడు అలవాటుగా మణికట్టు దగ్గరికి వేళ్లు వెళ్లాయి, లాగడానికి ఏమీ దొరకలేదు. అప్పుడు కోటు జేబులోంచి సొలాంజ్ ఇచ్చిన చీటీ తీసి, చదివి, ఎడ్మే భూతద్దం ఉన్న మేకుకే గుచ్చాడు. చీటీ మీద సొలాంజ్ చేతిరాతలో వాచీ రంగూ, అర్మాన్ పేరూ, వచ్చి తీసుకెళ్లవలసిన రోజూ ఉన్నాయి: నవంబరు ఇరవై ఒకటి, గురువారం.